టెన్త్ బ్యాచ్ కథలన్నీ ఒక పుస్తకంగా వేయాలంటే ఏం చేయాలి: మేం చేసిన పద్ధతి

హైదరాబాద్‌లో ఏ ఆదివారం చూసినా ఏదో ఒక ఫంక్షన్ హాల్ ముందు "పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం" అని ఫ్లెక్సీ ఉంటది. సార్లకి శాలువాలు, మెమెంటోలు, భోజనాలు, గ్రూప్ ఫోటో, సాయంత్రం ఐదింటికల్లా ఎవరిళ్ళకి వాళ్ళు. మంచిదే, నేను వద్దనట్లేదు. కానీ పాతికేళ్ళ తర్వాత కనిపించిన మనిషిని "ఏం చేస్తున్నవ్ రా" అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పేసి పక్కోడి దగ్గరికి పోతాడు, ఆ ఒక్క ముక్క వెనక ఎంత కథ ఉందో మనకి తెలీకుండానే మళ్ళీ బండెక్కి వెళ్ళిపోతాడు.

మాది 1998 టెన్త్ బ్యాచ్, ముషీరాబాద్ వైపు తెలుగు మీడియం స్కూలు. 2023లో సిల్వర్ జూబ్లీకి ఫంక్షన్‌తో పాటు ఒక పుస్తకం కూడా వేశాం. బడి రోజుల గురించి, ఆ తర్వాత చేసిన పనుల గురించి ఎవరికి వాళ్ళు చెప్పుకున్న కథలు అవి. మొదటి ఫోన్ కాల్ నుంచి పుస్తకం చేతికొచ్చేదాకా పది నెలలు పట్టింది. ఈ మధ్య వేరే బ్యాచ్‌ల వాళ్ళు "అన్నా మేం కూడా చేస్తాం, ఎక్కడ మొదలుపెట్టాలి" అని అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అన్నీ ఒక చోట రాస్తున్నా. మా తప్పులు కూడా రాస్తా, అవి మీరు చేయకుండా ఉంటే చాలు.

ముందు లిస్టు. వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్ళే బ్యాచ్ అనుకోవద్దు. గ్రూపులో ఉండేది కాస్త నిలదొక్కుకున్నవాళ్ళు, లేదా ఎప్పుడూ అందరితో కలిసి తిరిగేవాళ్ళు. చడీచప్పుడు లేకుండా వెనక బెంచీలో కూర్చుని పోయినవాళ్ళు అందులో ఉండరు. అందుకని స్కూలుకి పోయి హెడ్మాస్టర్ గారికి ఒక లెటర్ రాసిచ్చి, ఆ ఏడాది టెన్త్ అటెండెన్స్ ప్రకారం పేర్లు మాత్రం రాసుకుంటామని అడగండి. అడ్మిషన్ రిజిస్టర్ స్కూళ్ళు పారెయ్యవు, ఎంత పాతదైనా బీరువాలో ఉంటది. జిరాక్స్ అడగొద్దు, అందులో పుట్టిన తేదీలు, తండ్రి పేర్లు, కులం అన్నీ ఉంటాయి, అవి మనకి అనవసరం. పేరు, రోల్ నంబర్ చాలు. మా లిస్టు చేతికొచ్చాక చూస్తే మేం పూర్తిగా మర్చిపోయిన పేర్లు పదకొండు ఉన్నాయి. ఐదేళ్ళు ఒకే గదిలో కూర్చున్నాం, అయినా మర్చిపోయాం. ఆ రోజు చాలా బాధనిపించింది.

దొరకని వాళ్ళ కోసం ఫేస్‌బుక్‌లో వెతికే ముందు పాత బస్తీ తిరగండి (చార్మినార్ వైపు పాతబస్తీ కాదు, మీరు చదువుకున్నప్పుడు వాళ్ళు ఉన్న గల్లీ). కిరాణా కొట్టు, ఇస్త్రీ డబ్బా, గుడి పూజారి గారు, చర్చి, మసీదు, రేషన్ షాపు, వీళ్ళకి ఎవరు ఎక్కడికి మారారో తెలుసు. మా వాళ్ళలో ఆరుగురి నంబర్లు భోలక్‌పూర్‌లో ఒక టైలర్ చాచా దగ్గర దొరికాయి, అప్పట్లో యూనిఫాంలు కుట్టింది ఆయనే. ఆడపిల్లల విషయంలో ఇంకొంచెం ఓపిక కావాలి, పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిపోతుంది, ఊరు మారిపోతుంది, పుట్టింటి వాళ్ళు కూడా ఇల్లు అమ్మేసి ఉండొచ్చు. ఆ పని క్లాసులో అమ్మాయిలకే అప్పజెప్పండి. మగవాళ్ళు ఫోన్ చేసి "మీ చెల్లె నంబర్ కావాలి" అంటే ఎవరూ ఇవ్వరు, ఇవ్వకపోవడమే కరెక్టు కూడా. చనిపోయిన వాళ్ళుంటే ఇంటికి స్వయంగా వెళ్ళండి, ఫోన్లో అడగొద్దు. మా క్లాసులో ముగ్గురు పోయారు, ఒకతని వాళ్ళమ్మ గారు అతని కథ చెప్పారు, పుస్తకంలో అది ఆమె మాటల్లోనే ఉంది.

ఇక అసలు విషయం, ఏం అడగాలి. ఇక్కడే మేం మొదట పెద్ద పొరపాటు చేశాం. ఒక ఫారం తయారుచేసి గ్రూపులో పెట్టాం: పేరు, హోదా, కంపెనీ, టెన్త్ మార్కులు, మధుర జ్ఞాపకం. వారంలో పద్దెనిమిది మంది నింపారు. చూస్తే అందరూ మేనేజర్లు, ఇంజనీర్లు, గవర్నమెంట్ టీచర్లు. మధుర జ్ఞాపకం దగ్గర అందరిదీ ఒకటే, "స్కూల్ డేస్ ఆర్ గోల్డెన్ డేస్". మిగతావాళ్ళు సైలెంట్. పైగా మార్కుల కాలమ్ చూసి ఒకామె గ్రూపులోంచి వెళ్ళిపోయింది, ఆమె టెన్త్ రెండుసార్లు రాసింది, ఆ సంగతి మాకు గుర్తే లేదు. ఇంటికి పోయి సారీ చెప్పి మళ్ళీ తీసుకురావడానికి నెలన్నర పట్టింది. కాబట్టి ఫారం వద్దు, మార్కులు అసలే వద్దు. 600కి ఎన్నొచ్చాయి అన్నది నలభై ఏళ్ళ మనిషిని అడగాల్సిన ప్రశ్న కాదు.

హోదా అడగొద్దు, పని అడగండి. ఈ పోస్టులో నేను చెప్పాలనుకున్న ముఖ్యమైన ముక్క ఇదే. "ఏం చేస్తుంటావ్" అంటే పదవి చెప్తారు, చెప్పుకోదగ్గ పదవి లేనివాళ్ళు మాట మార్చేస్తారు. "నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏమేం చేసినవ్" అని అడిగితే మాత్రం అందరి దగ్గరా చెప్పడానికి ఉంటుంది.

మా మూడో బెంచీ దోస్త్ ఒకడు బాలానగర్‌లో లేత్ షాపు నడుపుతాడు. ఫోన్ చేసినప్పుడల్లా "నా గురించి ఏం రాస్తవ్ రా, లేత్ మిషన్ మీద ఉన్నడని రాయి, అయిపాయె" అని పెట్టేసేవాడు. చివరికి షాపుకే పోయా. "సరే, ఏం రాయనులే, నిన్న షాపు తెరిచినప్పటి సంది ఏం చేసినవో చెప్పు" అన్నా. పంపు షాఫ్ట్ ఒకటి చేస్తున్నాడు. "దీని మీద బేరింగ్ కూసోవాలె, వదులైతే గిరగిర తిరుగుతది, టైటైతే ఎక్కనే ఎక్కది" అంటూ నూనె గుడ్డలో చుట్టి చెక్కడబ్బాలో పెట్టిన మైక్రోమీటర్ తీశాడు. షాఫ్ట్ మీద పెట్టి, రెండు వేళ్ళతో చివర ఉన్న రాచెట్ తిప్పాడు, టిక్ టిక్ టిక్ మని మూడుసార్లు చప్పుడయ్యాక ఆపి, వెలుతురుకి పట్టుకుని చదివాడు. తర్వాత నా చేతిలో పెట్టి "గుర్తువట్టినవా ఇదేందో" అన్నాడు. నాకు తెలీలేదు. "స్క్రూ గేజి రా, ఫిజిక్స్‌ల మొదటి పాఠం, కనీసపు కొలత 0.01 మిల్లీమీటర్."

అప్పుడు గుర్తొచ్చింది. మా స్కూల్లో స్క్రూ గేజి ఒకటే ఉండేది, అద్దాల బీరువాలో. సంవత్సరానికి ఒకసారి సార్ బయటికి తీసి దూరం నుంచి చూపించి మళ్ళీ తాళం వేసేవారు. వీడు ఆ సైన్సులోనే తప్పాడు, సప్లిమెంటరీ రాసి మల్లేపల్లి ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చేశాడు. "అక్కడ మొదటి దినమే చేతిల పెట్టిన్రు రా, బడిల కూడా గట్ల పెడితే తప్పకపోతుండె" అన్నాడు. పాస్ అయిన మేమంతా ఆ పాఠం పరీక్ష అయిపోయిన రోజే మర్చిపోయాం, వాడు మాత్రం పాతికేళ్ళుగా రోజూ ఆ పాఠం మీదే బతుకుతున్నాడు. ఫారం మీదైతే ఇది "సెల్ఫ్ ఎంప్లాయిడ్" అని ఒక్క మాటగా వచ్చి ఉండేది.

ఇంట్లో ఉన్న ఆడవాళ్ళ విషయంలో కూడా ఇంతే. "నాదేముంది, నేను ఇంట్లోనే కదా" దగ్గర ఆగిపోవద్దు. మా క్లాస్‌మేట్ ఒకామెకి టెన్త్ రిజల్ట్స్ వచ్చిన నెలకే పెళ్ళైంది. నిన్న ఏం చేశావ్ అని అడిగితే పొద్దున అంగన్వాడీ, మధ్యాహ్నం బ్లౌజులు, రాత్రి కొడుకు ఇంటర్ లెక్కలు అంది. లెక్కలు నీకెలా వచ్చు అంటే అప్పుడు చెప్పింది, ఇద్దరు పిల్లలు పుట్టాక అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో ఎలిజిబిలిటీ టెస్ట్ రాసి ఇంటర్ లేకుండానే డిగ్రీ చేసిందట. ఆ యూనివర్సిటీ 1982లో పెట్టింది ఇలాంటివాళ్ళ కోసమే, మన మధ్యే ఒకామె చదివితే ఇరవై ఏళ్ళు మాకు తెలీదు.

స్కూల్ గురించి అడిగేటప్పుడు "నీకు మర్చిపోలేని జ్ఞాపకం ఏంటి" అనొద్దు, ఆ ప్రశ్న వినగానే మనిషి స్టేజీ ఎక్కినట్టు మాట్లాడతాడు. చిన్నవి అడగండి. ఏ దారిలో నడిచి వచ్చేవాడివి, పక్కన ఎవరు కూర్చునేవాళ్ళు, టిఫిన్ డబ్బాలో ఏముండేది, వాన పడితే గదిలో ఎక్కడ కారేది, ఏ సార్ పీరియడ్ అంటే కడుపునొప్పి వచ్చేది. ప్రతిజ్ఞ చెప్పమని అడగండి, "భారతదేశం నా మాతృభూమి" అని మొదలుపెట్టగానే గొంతు మారిపోతుంది, అక్కడి నుంచి మాటలు వాటంతటవే వస్తాయి. (ఆ ప్రతిజ్ఞ 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు తెలుగులో రాశారని మాలో చాలామందికి ఈ పుస్తకం పనిలో పడ్డాకే తెలిసింది. రోజూ చెప్పాం, ఎవరు రాశారో ఒక్కరోజు అడగలేదు.)

ఆ తర్వాత టెన్త్‌కీ ఇంటర్‌కీ మధ్య ఎండాకాలం గురించి తప్పకుండా అడగండి. జీవితం మలుపు తిరిగింది అక్కడే. పేపర్లో హాల్ టికెట్ నంబర్ వెతుక్కున్న రోజు, ఆ తర్వాత ఎంపీసీనా బైపీసీనా సీఈసీనా, లేక పాలిటెక్నికా ఐటీఐనా, ఎవరు డిసైడ్ చేశారు, ఇంట్లో డబ్బులెట్లా ఉన్నాయి. మా క్లాసులో నలుగురి నాన్నలు లోయర్ ట్యాంక్‌బండ్ డీబీఆర్ మిల్లులో చేసినవాళ్ళు, మిల్లు మూతపడ్డాక ఇంట్లో పెద్దపిల్లాడు చదువు ఆపేయాల్సి వచ్చింది. తెలివి తక్కువై ఆపలేదు. ఇది పక్కన కూర్చున్న మాకే తెలీదు. తెలుగు మీడియం వాళ్ళైతే ఇంటర్‌లో మొదటి రెండు నెలలు ఎలా గడిచాయో అడగండి, త్వరణం అంటే యాక్సిలరేషన్ అని, త్రికోణమితి అంటే ట్రిగనామెట్రీ అని తెలిసేసరికి దసరా సెలవులొచ్చేవి. అప్పటిదాకా వెనక బెంచీలో తల దించుకుని కూర్చున్నవాళ్ళలో ఒకరు ఇప్పుడు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఆమె క్లాసులో ఇప్పటికీ మొదటి నెల ప్రతి మాటా రెండు భాషల్లో బోర్డు మీద రాస్తుందట.

తారీఖులు ఎవరికీ గుర్తుండవు. "2001లోనా 2004లోనా ఏమో" అంటారు. వాళ్ళని ఇబ్బంది పెట్టకుండా సిటీలో జరిగినవాటితో కట్టండి, ఇది బాగా పనిచేస్తుంది. 2000 ఆగస్టులో వరదలొచ్చినప్పుడు ఎక్కడున్నవ్? ఎంఎంటీఎస్ మొదలైంది 2003లో, నువ్వు మొదటి ఉద్యోగానికి ఎంఎంటీఎస్‌లో పోయినవా, అంతకుముందే చేరినవా? దుబాయ్ పోయింది బేగంపేట ఎయిర్‌పోర్ట్ నుంచా శంషాబాద్ నుంచా (శంషాబాద్ 2008 మార్చిలో తెరిచారు)? షాపు పెట్టింది నోట్ల రద్దుకి ముందా తర్వాతా, అంటే 2016 నవంబర్? మెట్రో 2017 నవంబర్, లాక్‌డౌన్ 2020 మార్చి. ఇట్లా నాలుగు మేకులు కొడితే మిగతా కథంతా వరసలో పడుతుంది. మా బ్యాచ్‌కి ఇంకోటి కూడా ఉంది, మేం టెన్త్ దాటిన ఏడాదే 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ గుండ్రటి బిల్డింగ్ చూద్దామని బస్సు పట్టుకుని మాదాపూర్ దాకా పోయొచ్చినవాళ్ళు ఉన్నారు, తర్వాత అమీర్‌పేట మైత్రీవనం మెట్లెక్కి దిగి కోర్సులు నేర్చుకుని అందులోనే ఉద్యోగానికి చేరినవాళ్ళూ ఉన్నారు, ఆ చుట్టుపక్కల బిల్డింగులకి సెంట్రింగ్ కొట్టినవాడూ ఒకడున్నాడు. ముగ్గురి కథలూ పక్కపక్కన పెట్టి చదివితే ఈ సిటీ పాతికేళ్ళలో ఎలా మారిందో అర్థమవుతుంది.

మొదటి జీతం ఎంత, దాంతో ఏం కొన్నావ్ అనే ప్రశ్న వదలొద్దు. ఇప్పటి జీతం అడగొద్దు.

రికార్డింగ్ సంగతి. ఇరానీ హోటల్లో కలుద్దాం అని మనకి సరదాగా ఉంటుంది గానీ కప్పుసాసర్ల చప్పుడులో తర్వాత ఒక్క మాట వినపడదు, మేం మొదటి రెండు ఇంటర్వ్యూలు అలాగే పోగొట్టుకున్నాం. పని చేసే చోటికి పోవడం అన్నిటికన్నా మంచిది, కుదరకపోతే ఇల్లు, అదీ కుదరకపోతే ఇందిరా పార్క్ లాంటి చోట పొద్దున్నే ఒక బెంచీ. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి రికార్డర్ ఆన్ చేసి బల్ల మీద బోర్లా పెట్టేయండి, చేతిలో పట్టుకుని మొహం ముందు పెడితే బిగుసుకుపోతారు. నలభై నిమిషాలు చాలు. ఇద్దరు పోండి, ఒకరు మాట్లాడాలి ఒకరు రాసుకోవాలి, ఐదుగురు పోతే అది దావత్ అయిపోతుంది. అమెరికాలో ఉన్నవాళ్ళకి మనకి ఆదివారం పొద్దున అంటే వాళ్ళకి శనివారం రాత్రి, ఆ టైమే కుదురుతుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళని శుక్రవారం పట్టుకోండి. సౌదీలో డ్రైవర్‌గా ఉన్న మా దోస్త్ నాలుగు శుక్రవారాలు వాయిస్ మెసేజీలు పంపాడు, ఒక్కోటి మూడు నిమిషాలు, వెనక ఏసీ చప్పుడు, మధ్యలో ఎవరో వంట గదిలోంచి పిలవడం. అవి టైప్ చేసింది నేనే, రెండోది పూర్తి చేయలేక లేచి బయటికి వచ్చేశా.

రికార్డర్ ఆపాక చెప్పే మాటలు అన్నిటికన్నా బరువైనవి. మాలో ఒకతను మంచి కంపెనీలో ఉన్నాడని అందరికీ తెలుసు, రికార్డింగ్ అంతా ప్రాజెక్టులు, ఆన్‌సైట్ గురించే చెప్పాడు. ఆపి చాయ్ తాగుతుంటే "ఉద్యోగం పోయి ఏడు నెలలైంది రా, ఇంట్లో నాన్నకి ఇంకా తెల్వదు" అన్నాడు. అది పుస్తకంలో పెట్టే మాట కాదు. ఊరికే విని, నెల తర్వాత మళ్ళీ అడిగా, నీ కథలో ఏం ఉండాలి ఏం ఉండొద్దు అని. అప్పటికి ఇంకో ఉద్యోగం దొరికింది, తనే రాసుకుని పంపాడు, ఏడు నెలలూ పొద్దున్నే బ్యాగు వేసుకుని చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోయి కూర్చున్న సంగతి కూడా. ఆయన చెప్పుకున్నాడు కాబట్టి అచ్చయింది, మనంతట మనం ఒక్క అక్షరం వేయకూడదు. ఎవరి కథ అయినా ప్రింటుకి పోయే ముందు వాళ్ళకి చదివి వినిపించి సరే అనిపించుకోండి, చదవడం ఇబ్బంది ఉన్నవాళ్ళకి ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని వినిపించండి. ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు పుస్తకంలో వేయొద్దు, ఆ లిస్టు వేరేగా మీ దగ్గర ఉంచుకోండి.

కొట్టిన సార్ల గురించి చాలామంది చెప్తారు. కొందరు నవ్వుతూ చెప్తారు, కొందరికి అది ఇంకా మానలేదు. ఒకామె అందరి ముందు ఫీజు కట్టలేదని నిలబెట్టిన సంగతి చెప్తూ ఏడ్చేసింది. మేం పెట్టుకున్న పద్ధతి ఏంటంటే జరిగింది రాయాలి, పేరు రాయొద్దు. "అప్పట్లో అంతే కదా, మన మంచికే కదా" అని మనం సర్దిచెప్పొద్దు, ఆ కథ ఆమెది. అలాగే మంచి చేసిన సార్ల పేర్లు మాత్రం ఇంటిపేరుతో సహా వేశాం. రిటైరైన సార్లని కూడా ఇంటర్వ్యూ చేయండి, వాళ్ళకి అప్పట్లో జీతాలు ఎలా వచ్చేవి, ఎన్ని క్లాసులు చెప్పేవాళ్ళు, మనలో ఎవరి గురించి దిగులుపడేవాళ్ళు అని. మా లెక్కల సార్ బోడుప్పల్‌లో ఉంటారు, పేర్లు మర్చిపోయారు గానీ బెంచీలు గుర్తున్నాయి, "కిటికీ పక్క రెండో బెంచీ గోడ వైపు కూర్చునేటోడు ఏమయిండు" అని అడిగారు.

ఆ మాటతోనే మాకు పుస్తకం వరస దొరికింది. అంతకుముందు వరస మీద గొడవ, డాక్టర్లు ముందా, డోనర్లు ముందా, అక్షరక్రమమా అని. చివరికి క్లాస్ రూమ్ బొమ్మ ఒకటి గీసి ఎవరు ఎక్కడ కూర్చునేవాళ్ళో గుర్తు పెట్టి, బెంచీల వరసలో కథలు వేశాం. దాంతో హార్ట్ డాక్టర్ పక్కన ఆటో డ్రైవర్, ఆ వెనక రెవెన్యూ ఆఫీస్ ఉద్యోగి, పక్కన కూరగాయల వ్యాపారం చేసే అతను, అప్పుడు ఎట్లా కూర్చున్నారో అట్లాగే వచ్చారు. మీరూ ఇదే చేయండి. ఇంతకన్నా మంచి వరస నాకు తోచలేదు.

రాయడంలో ఒక్కటే జాగ్రత్త, వాళ్ళ భాషని దిద్దొద్దు. "పోయిన" అన్నవాడిని "వెళ్ళాను" అనిపించొద్దు, "గా దినం" ని "ఆ రోజు" చేయొద్దు. ఫోన్లో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది, వాడండి, చాలా పని తగ్గుతుంది, కానీ అది మన యాసని దానంతటదే మార్చేస్తుంది, రికార్డింగ్ మళ్ళీ వింటూ సరిచేసుకోవాలి. ఒక్కో కథ రెండు పేజీలు మించకుండా చూడండి, అందరికీ సమానంగా.

ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ పోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. పాత గ్రూప్ ఫోటోని ఫోన్‌తో ఫోటో తీయొద్దు, స్కాన్ చేయించండి, కనీసం 300 డీపీఐ. అప్పటి ఫోటో ఒకటి, ఇప్పుడు పని చేస్తున్న చోట తీసింది ఒకటి. స్టూడియో ఫోటోలు వద్దు, లేత్ పక్కన, క్లాసులో బోర్డు ముందు, స్టీరింగ్ వెనక ఉన్నవి కావాలి.

డీటీపీ (కంప్యూటర్లో పుస్తకం పేజీలు కట్టడం) దగ్గర మాకు తగిలిన దెబ్బ చెప్తా. మనం ఫోన్లో, కంప్యూటర్లో కొట్టేది యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్ అయినా చదవగలిగే అక్షరాలు. ప్రింటింగ్ వాళ్ళు చాలామంది ఇంకా పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో "అను" ఫాంట్లే వాడతారు, అది యూనికోడ్ కాదు, కన్వర్ట్ చేయాలి. మేం ఇచ్చిన ఫైలు అలా కన్వర్ట్ చేసినప్పుడు కొన్ని ఒత్తులు ఎగిరిపోయాయి, కొన్ని పేర్లు పూర్తిగా మారిపోయాయి, మేం కథలు సరిచూశాం గానీ పేర్ల లిస్టు సరిచూడలేదు. ఒక దోస్త్ ఇంటిపేరే తప్పు పడింది. మొదటి ఇరవై కాపీలు పక్కన పడేసి మళ్ళీ వేయించాల్సి వచ్చింది. కాబట్టి ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తో చేసేవాళ్ళని వెతుక్కోండి, మండలి లాంటి మంచి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. అను తప్పనిసరైతే కన్వర్ట్ అయ్యాక కాగితం మీద ప్రూఫ్ తీసి ప్రతి పేరునీ వేలు పెట్టి చదవండి, ఆ పేరు గల మనిషే చదివితే ఇంకా మంచిది. మొత్తం పేజీలు పదహారు గుణిజంలో ఉండేట్టు కట్టుకుంటే కాగితం వృథా కాదు. మూడు చోట్ల కొటేషన్ తీసుకోండి, చిక్కడపల్లి, హిమాయత్‌నగర్ వైపు తిరిగితే సరిపోతుంది.

డబ్బుల దగ్గర అందరికీ ఒకటే చిన్న మొత్తం పెట్టండి, రోజు కూలీ మీద బతికే దోస్త్ కూడా ఇవ్వగలిగేంత. తక్కువ పడిన మొత్తం ఇచ్చేవాళ్ళు చడీచప్పుడు లేకుండా ట్రెజరర్‌కి ఇచ్చేయాలి, పుస్తకంలో దాతల పేజీ ఉండకూడదు. దీని మీద మాలో వాదన జరిగింది, నేను గట్టిగా నిలబడ్డా, ఇప్పుడైనా అదే అంటా.

ఫంక్షన్ రోజు స్పీచ్‌లు తగ్గించి కథలు చదివించండి, ఎవరిది వాళ్ళు కాదు, బెంచీలో పక్కన కూర్చున్నవాళ్ళు చదవాలి. డేటు పెళ్ళి ముహూర్తాలు లేని ఆదివారం చూసుకోండి, లేకపోతే హాలూ దొరకదు, క్యాటరింగ్ నడిపే దోస్త్ కూడా రాలేడు. కొన్ని కాపీలు స్కూల్లో ఇప్పుడు టెన్త్ చదివేవాళ్ళకి ఇవ్వండి, వాళ్ళకి ఇంటర్ తప్ప ఇంకో దారి ఉందని చెప్పేవాళ్ళు తక్కువ. మా స్కూల్లో ఒక పిల్ల లేత్ కథ చదివి "ఆ ఐటీఐలో అమ్మాయిల్ని తీసుకుంటరా సార్" అని అడిగింది, తీసుకుంటారు, ఫారం ఎప్పుడొస్తుందో చూసి చెప్తానని మా దోస్తే మాటిచ్చాడు.

చివరగా, దొరకని వాళ్ళ పేజీలు తీసేయొద్దు. మాకు ఏడుగురు దొరకలేదు. వాళ్ళ బెంచీ వచ్చిన చోట పైన పేరు, రోల్ నంబర్ వేసి రెండు పేజీలు ఖాళీగా వదిలాం. పుస్తకమంతా ఆర్ట్ పేపర్ (నున్నగా మెరిసే కాగితం) మీద వేయిద్దామని ఒకరన్నారు, ఫోటోలు బాగా వస్తాయని, కానీ ఆర్ట్ పేపర్ మీద పెన్ను సరిగా పడదు, ఇంకు పాకుతుంది. అందుకని మాప్లితో (మెరుపు పూత లేని మామూలు కాగితం) మీద వేయించాం. స్కూల్ లైబ్రరీలో ఉన్న కాపీలో పోయిన ఎండాకాలం ఒకతను, ఎనిమిదో బెంచీ, నిజామాబాద్ నుంచి వచ్చి బ్లూ పెన్నుతో ఒకటిన్నర పేజీ రాసి వెళ్ళాడు.